మిడత కొండెక్కిన రోజు

రెడ్డెప్ప బండి నడపడం మానేసి పదకొండు నెలలయింది.

మదనపల్లెలో బుడన్ సాహెబ్ మెకానిక్ షెడ్డులో ఇరవయ్యో ఏట చేరాడతను. ఇప్పుడు ముప్పై రెండు. ఇంజను విప్పడం, బిగించడం మేస్త్రి దగ్గర నేర్చుకున్నాడు. నడపడం మాత్రం పుట్టుకతోనే వచ్చిందని ఊళ్ళో అనుకునేవాళ్ళు. రెడ్డెప్ప కూడా అట్లాగే అనుకునేవాడు. కొండరోడ్ల మీద జరిగే కారు పోటీల్లో రెండుసార్లు కప్పు తెచ్చాడు. స్పానర్లు తగిలించే బోర్డు పైన ఆ రెండు కప్పులూ వరసగా ఉండేవి.

ఇప్పుడు అక్కడ లేవు. అతనే తీసుకుపోయి ఇంట్లో మంచం కింద పెట్టాడు.

పోయిన ఏడు ఒక జీపును ట్రయల్ చూడటానికి హార్సిలీ హిల్స్ కొండకు తీసుకుపోయాడు. పక్కసీట్లో ఖలందర్ ఉన్నాడు. బుడన్ సాహెబ్ చెల్లెలి కొడుకు, షెడ్డులో రెడ్డెప్పకు జతగాడు. "కింద నుంచి పైదాకా పదకొండు నిమిషాల్లో ఎక్కిస్తా చూడు," అన్నాడు రెడ్డెప్ప. "మెల్లగా పోదాంలే," అన్నాడు ఖలందర్. ఏడో మలుపులో వెనక చక్రాలు జారి జీపు ఎడమ పక్క గోడకు కొట్టుకుంది. రెడ్డెప్ప మోచెయ్యి గీసుకుపోయింది. ఖలందర్ తొడ ఎముక విరిగింది. లోపల రాడ్డు వేశారు. ఇప్పుడు నడుస్తాడు, ఒక పక్కకు ఒరిగి.

ఆ రోజు ఆస్పత్రికి వచ్చి బుడన్ సాహెబ్ ఇద్దరినీ చూశాడు. "ఇద్దరూ మిగిలినారు. అల్లా దయ," అన్నాడు. ఆ రోజు అంతే. ఆ తర్వాత కూడా ఆ సంగతి ఎత్తలేదు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదని రెడ్డెప్ప చాలాసార్లు అనుకున్నాడు.

అప్పటినుంచి అతను బండి కింద పడుకుని చేసే పనే చేశాడు. ట్రయల్ అంటే ఏదో ఒక సాకు చెప్పి తప్పుకునేవాడు. ఒకసారి మధ్యాహ్నం షెడ్డులో ఎవరూ లేనప్పుడు ఒక కారులో కూర్చుని స్టీరింగు పట్టుకున్నాడు. పక్కసీటు ఖాళీగానే ఉంది. కానీ అటు తిరిగి చూడలేకపోయాడు. దిగి, తలుపు చప్పుడు కాకుండా వేశాడు.

ఆ సాయంత్రమే అడిగాడు.

"మేస్త్రీ, నాకు మళ్ళీ ధైర్యం ఎప్పుడొస్తుంది?"

బుడన్ సాహెబ్ స్టూలు మీద కూర్చుని కార్బురేటరు జెట్టును నోటితో ఊదుతున్నాడు. దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. మళ్ళీ ఊదాడు.

"ఆ పెట్రోలు డబ్బా ఇట్లియ్యి," అన్నాడు.

రెడ్డెప్ప డబ్బా ఇచ్చాడు. జవాబు వస్తుందేమోనని కొంచెంసేపు నిలబడ్డాడు. రాలేదు.

షెడ్డు వెనక భాగంలో, టార్పాలిన్ కింద, మేస్త్రి సొంత బండి ఒకటి ఉంది. దాని పేరు మిడత. ఆకుపచ్చ రంగు, నేలకు ఆనుకున్నట్టుండే ఒళ్ళు, ముందుకు పొడుచుకొచ్చిన రెండు లైట్లు చూసి ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. అది పందేల కోసం చేసిన రెండు సీట్ల కారు. పైకప్పు లేదు. డెబ్బై ఏళ్ళ కిందట ఒక కాఫీ తోటల దొర ఓడలో తెప్పించుకున్నాడట. ఆ రకం బండ్లు మొత్తం చేసిందే వంద లోపు అని చెప్పుకునేవాళ్ళు. బుడన్ సాహెబ్ కంటపడే నాటికి అది ఒక తోట గోడౌన్‌లో ఉత్త చట్రం, సగం బానెట్. బానెట్ కింద కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్నాయి.

దాన్ని ఎడ్లబండి మీద తెచ్చుకున్నాడు. ఇరవైరెండేళ్ళు దాని మీద పని చేశాడు. అది కూడా గిరాకీల పని అయిపోయాక, శుక్రవారం నమాజు తర్వాత, పండగ సెలవుల్లో. అసలు ఇంజనుకు సామాను ఎక్కడా దొరకలేదు. ఇంకో బండి ఇంజను తెచ్చి, సిలిండర్ల బోరు పెంచి, రెండు కార్బురేటర్లు పెట్టాడు. బ్రేకులు ఈ కాలం కారువి. స్టీరింగు ఒక జీపుది. గేరుబాక్సు మాత్రం పాతదే ఉంచాడు. ఒళ్ళంతా అల్యూమినియం రేకు, చేత్తో కొట్టింది. మూడుసార్లు చేసి నచ్చక మళ్ళీ విప్పాడు. మామూలు కారు కొన్నవాళ్ళు దాన్ని చూసి నవ్వేవాళ్ళు, కారు తెలిసినవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని చూసేవాళ్ళు.

"ఇది కొండెక్కేటప్పుడు దీని గొంతు ఎట్లుంటుందో వినాల నాయనా," అని అప్పుడప్పుడూ అనేవాడు బుడన్ సాహెబ్. "సమతలం మీద ఏ బండైనా పాడుతుంది."

ఈ ఏడు మాఘమాసానికి బండి పూర్తయింది. అదే మాసంలో ఆయన కండ్లు చూపించుకోవడానికి పోయాడు. చూపు పక్కల నుంచి ముడుచుకుంటూ వస్తోందనీ, ఇక బండి నడపకూడదనీ డాక్టరు చెప్పాడు. బుడన్ సాహెబ్ తిరిగొచ్చి, లైసెన్సు కార్డును గోడకున్న ఫొటో వెనక దోపి, పనిలో పడ్డాడు. మిడత మీద టార్పాలిన్ కప్పే ఉంది.

చైత్రంలో ఒక ఆదివారం. హార్సిలీ హిల్స్ మీద పాత కార్ల వాళ్ళు కలుస్తున్నారు, బెంగళూరు నుంచి, తిరుపతి నుంచి. మేస్త్రిని రమ్మని ఫోను చేశారు. ఆ పొద్దున ఆరుగంటలకు రెడ్డెప్ప షెడ్డుకు వచ్చేసరికి మిడత బయట నిలబడి ఉంది. ఖలందర్ ఒక బట్టతో లైట్లు తుడుస్తున్నాడు. బుడన్ సాహెబ్ తెల్ల జుబ్బా వేసుకుని, ఎడమ పక్క సీట్లో కూర్చుని ఉన్నాడు.

"రా," అన్నాడు. "ఎండ ముదరకముందే పోదాం."

రెడ్డెప్ప కదల్లేదు. "మేస్త్రీ, డ్రైవరును ఎవరినైనా పిలుస్తా. బస్టాండు దగ్గర ఉంటారు."

"ఈ గేరుబాక్సు బస్టాండు డ్రైవరుకు తెలుస్తుందా?"

"వేరే మెకానిక్కునైనా..."

"తాళం బండికే ఉండాది," అన్నాడు బుడన్ సాహెబ్. మెత్తగానే అన్నాడు.

రెడ్డెప్ప ఖలందర్ వైపు చూశాడు. ఈ పదకొండు నెలల్లో అతని మొహంలోకి నేరుగా చూసింది తక్కువ. ఖలందర్ బట్ట దులిపి భుజాన వేసుకున్నాడు. "మూడో గేరు నిన్న నేను చూసినా. కొంచెం గట్టిగ పడుతుంది. బలం పెట్టొద్దు, దానికి టైమియ్యి," అన్నాడు. అని, ఒరుగుతూ నడిచి లోపలికి పోయాడు.

రెడ్డెప్ప కూర్చున్నాడు.

ఊరు దాటేవరకూ అతనికి ఏం చేస్తున్నాడో సరిగా తెలియలేదు. మిడతలో కూర్చుంటే నేల చాలా దగ్గరగా ఉంటుంది. ఎదురొచ్చే సైకిలు కూడా ఎత్తుగా కనిపిస్తుంది. ఆ పాత గేరుబాక్సుకు ఒక్కో గేరుకూ క్లచ్చు రెండుసార్లు తొక్కాలి. మధ్యలో ఇంజను గొంతు విని, అది ఏ స్థాయికి వచ్చిందో కనిపెట్టి వేయాలి. వినకుండా వేస్తే కరకరమంటుంది. మొదటి రెండు మైళ్ళలో నాలుగుసార్లు కరకరమంది. ముందున్న చిన్న అద్దం మీదుగా గాలి వచ్చి బుడన్ సాహెబ్ గడ్డం ఎగురుతోంది. ముప్పై మీద స్పీడు ముల్లు నిలబెట్టి రెడ్డెప్ప పోతున్నాడు. వెనక నుంచి వచ్చిన ఆటో ఒకటి దాటి పోయింది. అందులోని ఆడవాళ్ళు తిరిగి తిరిగి చూశారు.

చింతచెట్ల నీడ ఉన్న చోట బండి మూడో గేరులోకి సద్దు లేకుండా జారింది. ఖలందర్ చెప్పినట్టు టైమిచ్చాడు. ఆ ఒక్క క్షణం ఇంజను, చక్రాలు, తన అరికాలు ఒకటే అయినట్టు అనిపించింది. వెంటనే చేతులు మళ్ళీ బిగుసుకున్నాయి.

కొండ అడుగుకు వచ్చారు. రోడ్డు పక్కకు తిరిగి, ఎత్తు మొదలయ్యే చోటు. పైన కొండ మంచులోంచి నీలంగా కనిపిస్తోంది.

బుడన్ సాహెబ్ ఆవలించాడు.

"రాత్రి నిద్ర చాల్లేదు నాయనా. కొంచెం కండ్లు మూసుకుంటా."

రెడ్డెప్ప బండి ఆపేశాడు. "మేస్త్రీ, కొండ వచ్చింది."

"కొండ యాడికీ పోదులే," అని ఆయన టోపీ సర్దుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కండ్లు మూసుకున్నాడు.

పన్నెండేళ్ళుగా రెడ్డెప్ప ఆయన్ని ఎరుగును. బండి ఎక్కితే ఆయన నిద్రపోడు. మద్రాసుకు లారీలో పోయినా, పెళ్ళి బస్సులో పోయినా, డ్రైవరు పక్కన కూర్చుని ఇంజను వింటూ ఉంటాడు. అందుకని ఇది నిద్ర కాదనుకున్నాడు. రెండు నిమిషాలు చూశాడు. ఆయన నోరు కొంచెం తెరుచుకుంది. ఊపిరి నిదానమైంది. గురక లాంటిది సన్నగా మొదలైంది.

"మేస్త్రీ," అని పిలిచాడు. మళ్ళీ ఒకసారి పిలిచాడు, ఇంకా మెల్లగా.

వెనక్కి తిప్పొచ్చు. ఇంటికి పోవచ్చు. ఆయన కండ్లు తెరిచేసరికి షెడ్డు ముందు ఉండొచ్చు. రెడ్డెప్ప స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. ఇంజను తిరుగుతోంది. లేపితే తన వల్ల కాదని చెప్పాలి. ఆ మాట చెప్పడానికి ఒక ముసలాయన నిద్ర చెడగొట్టాలి. ఎంతసేపు అట్లా ఉన్నాడో తెలియదు. ఒక పాల వ్యాను హారను కొట్టింది, దారి ఇమ్మని.

మొదటి గేరు వేశాడు.

మొదటి మలుపులో బుడన్ సాహెబ్ తల తలుపు వైపు ఊగింది. ఆ తలుపు అంచు ఉత్త రేకు. తగిలితే నుదురు పగిలేంత పదును లేకపోయినా, గట్టిది. రెడ్డెప్ప వేగం తగ్గించాడు. రెండో మలుపును ఇంకా వెడల్పుగా, నీళ్ళ బిందె మోసుకుపోతున్నట్టు తిప్పాడు. తల ఊగలేదు. మూడో మలుపు ఎడమ పక్కకు. ఈసారి తల ఇటు వచ్చి రెడ్డెప్ప ఎడమ భుజం మీద ఆగింది.

అక్కడే ఉండిపోయింది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. గేరు రాడ్డు ఎడమ చేతికి. భుజం కదిలిస్తే తల జారుతుంది. భుజం కదల్చకుండా, మోచేతి నుంచి కిందికి మాత్రమే కదిలించి గేరు మార్చాలి. బలం పెట్టడానికి లేదు. బలం లేకుండా ఆ గేరుబాక్సు మాట వినాలంటే ఇంజను సరిగ్గా ఆ స్థాయికి వచ్చే వరకూ కాచుకోవాలి. రెడ్డెప్ప చెవులు పెట్టి విన్నాడు. క్లచ్చు, న్యూట్రలు, కొంచెం పెట్రోలు, మళ్ళీ క్లచ్చు. గేరు రెండు వేళ్ళకే పడింది. కరకర లేదు. భుజం మీద తల అట్లాగే ఉంది.

తర్వాతి మలుపుల్లో కూడా అంతే. ఆ తర్వాత ఒక బస్సు కిందికి వస్తూ రోడ్డంతా తనదే అన్నట్టు తిరిగింది. రెడ్డెప్ప దాన్ని ఇంజను గొంతును బట్టి ముందే కనిపెట్టి, గోడకు జానెడు ఎడంగా బండిని ఒదిగించి ఆపాడు. బస్సు డ్రైవరు మిడతను చూసి, అందులో నిద్రపోతున్న తెల్లగడ్డం ముసలాయన్ని చూసి, హారను మీద పెట్టిన చెయ్యి తీసేశాడు. బస్సు నిదానంగా దాటింది. ఎత్తు మీద ఆగిన బండిని ఒక్క జర్కు లేకుండా కదిలించడానికి రెడ్డెప్ప తనకు తెలిసిందంతా వాడాడు. కదిలింది. ఆయన గురక తెగలేదు.

ఇంజను పాడుతోంది. సమతలం మీద లేని గొంతు అది, లోతుగా, గోడలకు తగిలి మళ్ళీ మీదికి వచ్చే గొంతు. ఒకసారి దారి తిన్నగా, ఖాళీగా కనిపించింది. కొంచెం వదిలాడు. మిడత ముందుకు సాగింది. దాని కింద ఎంత బలం ఉందో అరికాలికి తెలిసింది. మళ్ళీ తగ్గించాడు, అంత నున్నగా.

మంచు విడిపోయి ఎండ వచ్చింది. నీలగిరి చెట్ల వాసన తగిలింది. నీలగిరి చెట్లు పైభాగంలో ఉంటాయి. రెడ్డెప్పకు అప్పుడు గుర్తొచ్చింది, ఏడో మలుపు.

అది ఎప్పుడో వెనకబడిపోయింది. ఎప్పుడు దాటాడో అతనికి తెలియలేదు. ఆలోచించగా, బస్సుకు దారి ఇచ్చి బండి ఒదిగించిన గోడ అదే అయి ఉండాలి. గోడలో కొత్త సిమెంటు అతుకు ఒకటి చూసినట్టు కూడా గుర్తొచ్చింది. అప్పుడు మాత్రం దానికీ తనకూ మధ్య ఎంత ఎడం ఉందన్నదొకటే చూసుకున్నాడు.

అతని కండ్లు తడిశాయి. తుడుచుకోవాలంటే ఒక చెయ్యి తీయాలి. తీయలేదు. గాలికే ఆరిపోయాయి.

పైన గెస్ట్‌హౌస్ ముందు పది పన్నెండు పాత కార్లు వరసగా ఉన్నాయి. చివర చెట్టు కింద బండి ఆపి, ఇంజను ఆర్పాడు. ఆ నిశ్శబ్దానికి బుడన్ సాహెబ్ కండ్లు తెరిచాడు.

"వచ్చినామా?"

"వచ్చినాం మేస్త్రీ."

ఆయన నిటారుగా కూర్చుని, నోటి పక్క తుడుచుకున్నాడు. రెడ్డెప్ప చొక్కా ఎడమ భుజం మీద అరచేయంత మేర తడిగా ఉంది. ఆయన అది చూసి, తువ్వాలు తీసి ఇచ్చాడు. రెడ్డెప్ప తువ్వాలు తీసుకున్నాడు గానీ భుజం తుడుచుకోలేదు.

అప్పటికే మనుషులు చుట్టూ చేరారు. బానెట్ ఎత్తించి చూశారు. ఫొటోలు తీసుకున్నారు. రేకు పని చూసి ఒకాయన వేలితో తడిమి, ఇది మిషను మీద చేసిందా అని అడిగాడు. బెంగళూరు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, సొంతంగా మూడు పాత కార్లున్నవాడు, బుడన్ సాహెబ్ దగ్గరకు వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"సాహెబ్‌గారూ, ఘాట్ మీద ఎట్లా లాగుతుంది? వేడెక్కుతుందా? ఏ గేరులో వచ్చారు?"

"నాకు తెలీదు సార్," అన్నాడు బుడన్ సాహెబ్. "నేను నిద్రపోయినా. నడిపినాయన్ని అడగండి."

అందరూ నవ్వారు. రెడ్డెప్ప వైపు తిరిగారు. "రెండు, మూడు... ఎక్కువ రెండులోనే," అన్నాడు. అని, నీళ్ళ కొళాయి ఉన్న వైపు నడిచాడు.

మొహం కడుక్కుని వచ్చేసరికి ఫోను మోగుతోంది. ఖలందర్.

"ఎక్కిందా?"

"ఎక్కింది."

"మూడు పడిందా?"

"పడింది. నువ్వు చెప్పినట్టే టైమిచ్చినా." కొంచెం ఆగి, "ఖలందర్," అన్నాడు.

"చెప్పు."

చెప్పాలనుకున్నది పదకొండు నెలలుగా లోపల ఉంది. ఇప్పుడు కూడా అది మాటగా రాలేదు. "వచ్చే ఆదివారం నువ్వు రా. పైదాకా పోదాం. మెల్లగా," అన్నాడు.

"సరే. నా కాలు చాచుకోవడానికి సీటు వెనక్కి జరపాల. మామతో చెప్పి సీటు కింది పట్టాలు మార్పిస్తా," అన్నాడు ఖలందర్.

బుడన్ సాహెబ్ ఒక రాతి మీద కూర్చున్నాడు. ఎవరో రెండు గ్లాసుల టీ తెచ్చి ఇచ్చారు. రెడ్డెప్ప దగ్గరకు వచ్చి కాళ్ళకు మొక్కబోయాడు. ఆయన కాళ్ళు వెనక్కి లాక్కుని, అతని చేతిలో ఒక గ్లాసు పెట్టాడు.

"పట్టుకో. కాలుతుంది, అంచు దగ్గర పట్టుకో."

ఇద్దరూ టీ తాగారు. కింద లోయలో ఊళ్ళు, చెరువులు ఎండకు మెరుస్తున్నాయి. వాటిని చూడటానికి బుడన్ సాహెబ్ తలంతా తిప్పాల్సి వస్తోంది, ముందు ఒక పక్కకు, తర్వాత ఇంకో పక్కకు. రెడ్డెప్ప అది చూస్తూ ఉండిపోయాడు. ఇరవైరెండేళ్ళు. మూడుసార్లు విప్పి కొట్టిన రేకు. కొండ మీద దాని గొంతు ఎట్లుంటుందో వినాలని ఎదురుచూసిన మనిషి.

"మేస్త్రీ," అన్నాడు. "మీ బండి మొదటిసారి కొండెక్కింది. మీరేమీ చూడలేదు. ఏమీ వినలేదు."

బుడన్ సాహెబ్ టీ చివరి గుక్క తాగి, గ్లాసు రాతి మీద బోర్లించాడు.

"దిగాల గదా నాయనా," అన్నాడు. "అప్పుడు చూస్తా."